కిడ్నీ రోగి ఇంటికెళ్ళి చెప్పకూడని సలహాలు

మునిర్కాలో ఒక తెలుగింట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బని తేలిందంటే సాయంత్రానికల్లా ఇల్లు సలహాలతో నిండిపోతుంది. డీడీఏ ఫ్లాట్లలో పై వాటా అత్తయ్యగారు ఒకటి చెబుతారు. ఊరి నుంచి మేనమామ ఫోన్ చేసి ఇంకొకటి చెబుతాడు. ఎయిమ్స్‌లోనో సఫ్దర్‌జంగ్‌లోనో ఓపీ చీటీ కోసం తెల్లారుజామున వరుసలో నిలబడ్డప్పుడు పక్కనున్న మనిషి మూడోది చెబుతాడు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ ప్రేమంతా కలిసి రోగి కంచంలోంచి తీయకూడనివి తీసేస్తోంది, పెట్టకూడనివి పెడుతోంది. అందుకే నేను విన్న తప్పు సలహాల్లో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను. రోగిని చూడటానికి వెళ్ళేవాళ్ళు ముందుగా చదవాలని నా కోరిక.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఫాస్ఫరస్ దగ్గర. రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్ళూ క్రియాటినిన్ మీదికే వెళ్తాయి. పొటాషియం మాట డాక్టరు చెబుతారు కాబట్టి అదీ గుర్తుంటుంది. ఆ కిందెక్కడో సీరం ఫాస్ఫరస్ అని ఒక వరుస ఉంటుంది. పెద్దవాళ్ళలో అది 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఆ వరుస ఎవరూ చదవరు.

మన ఒంట్లో 700 గ్రాముల దాకా ఫాస్ఫరస్ ఉంటుంది. అందులో నూటికి ఎనభై అయిదు పాళ్ళు ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. రోజూ తిండితో వచ్చేదాంట్లో మిగులును మూత్రంలో బయటికి పంపేది కిడ్నీయే. కిడ్నీ బలహీనపడితే ఆ మిగులు రక్తంలో నిలుస్తుంది. దాన్ని సర్దుబాటు చేయడానికి పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. ఎముకలు గుల్లబారుతుంటే, ఉండకూడని చోట, అంటే రక్తనాళాల గోడల్లో, సున్నం పేరుకుంటుంది. కిడ్నీ రోగుల్లో చాలామంది ప్రాణం మీదికి వచ్చేది చివరికి గుండె వల్లే. ఒళ్ళంతా దురద, కీళ్ళ దగ్గర నొప్పులు, కళ్ళు ఎర్రబడటం లాంటివి కనిపించేసరికి లోపల చాలా కథ నడిచిపోయి ఉంటుంది.

“వదినా, అన్నయ్యకి ఇక పప్పు పెట్టకు.”

అన్నిటికంటే ముందు వచ్చే సలహా ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పప్పులో ఫాస్ఫరస్ ఉన్నమాట నిజం. కందిపప్పు వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కానీ ఆ అంకె చూసి భయపడేవాళ్ళు రెండు సంగతులు మర్చిపోతున్నారు. మనిషి పూటకి తినేది వంద గ్రాములు కాదు, ఉడకని పప్పు లెక్కన ఓ ముప్ఫై గ్రాములు. అంటే 90 మిల్లీగ్రాములు. పైగా పప్పులు, గింజలు, ధాన్యాల్లో ఫాస్ఫరస్ ఎక్కువ భాగం ఫైటేట్ అనే రూపంలో కట్టుబడి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మనిషి పేగుల్లో లేదు. కాబట్టి సగం కూడా ఒంటికి పట్టదు. అదే మాంసం, పాలలో ఉన్నదైతే సగం అటూఇటూ పడుతుంది. ఫ్యాక్టరీలో కలిపిన ఫాస్ఫేట్ ఉప్పులైతే నూటికి తొంభై పైనే.

2011లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని ఇండియానాలో షారన్ మో బృందం ఈ విషయాన్ని రోగుల మీదే చూసింది. తొమ్మిది మంది కిడ్నీ రోగులకు ఒక వారం మాంసాహారం, ఇంకో వారం ధాన్యం-పప్పుల శాకాహారం పెట్టారు. రెండింట్లోనూ ఫాస్ఫరస్, ప్రోటీన్ సరిసమానంగా ఉండేలా తూచి పెట్టారు. శాకాహారం తిన్న వారంలో రక్తంలో ఫాస్ఫరస్ తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే. అయినా కంచంలో ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యమని ఆ తర్వాత వచ్చిన వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

పప్పు మానేసిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. అన్నంలోకి ఏం కలుపుకోవాలో తెలియదు. నాలుగు రోజులు చారునీళ్ళతో తింటారు. ఆ తర్వాత నోరు చచ్చి బ్రెడ్డు, బిస్కట్లు, చీజు, నూడుల్స్ మీదికి పోతారు. ఇంతకంటే పప్పన్నం ఎన్నో రెట్లు నయం.

అయితే పప్పు వండే పద్ధతి మార్చుకోవాలి. రాత్రి నానబోసి ఆ నీళ్ళు పారబోయాలి. కుక్కర్‌లో కొలత నీళ్ళు పోసి విజిల్స్ వేయించకుండా, గిన్నెలో మామూలు కంటే రెండు మూడు రెట్లు నీళ్ళు పోసి, మూత తీసి ఉడికించాలి. ఉడికాక పైకి తేలిన కట్టు వార్చేయాలి. పొటాషియం, ఫాస్ఫరస్ కొంత ఆ కట్టులోకి దిగుతాయి. ఇక్కడే మన వంటిళ్ళలో ఒక చిక్కుంది. కట్టుని పారబోయడం మనకి చేతకాదు, దాంతోనే చారు కాస్తాం. కిడ్నీ మనిషి ఉన్న ఇంట్లో ఆ చారు మిగతావాళ్ళకి పోయండి. ఆయనకి మటుకు చింతపండు పలచగా పిసికి మామూలు నీళ్ళతో కాచండి. అన్నం విషయమూ అంతే. బలమని గంజి తాగించకండి. పాతరోజుల్లోలా ఎసరు ఎక్కువ పెట్టి వార్చిన అన్నమే ఈ మనిషికి సరైనది. కూరగాయలు కూడా ముక్కలు కోసి, ఉడికించి, నీళ్ళు వంపి, ఆ తర్వాత తాలింపు వేసుకోవాలి.

మొలకెత్తిన పెసలు ఎవరికైనా మంచివే కదా అని పట్టుకొస్తారు. మొలకెత్తినప్పుడు ఫైటేట్ విడిపోయి ఫాస్ఫరస్ ఒంటికి మరికొంత సులువుగా పడుతుంది. అదేం విషం కాదు, కానీ ఈ రోగికి దాని వల్ల ప్రత్యేకంగా ఒరిగేదీ లేదు.

ఎంత పప్పు, ఎన్ని పూటలు అన్నది జబ్బు ఏ దశలో ఉంది, పొటాషియం ఎంత ఉంది అన్నదాన్ని బట్టి డైటీషియన్ నిర్ణయించాలి. పెద్దాసుపత్రిలో నెఫ్రాలజీ ఓపీకి వెళ్ళినప్పుడు డైటీషియన్ దగ్గరికి పంపమని నోరు తెరిచి అడగండి. అడిగితేనే పంపుతారన్నట్టుంటుంది ఆ రద్దీ.

“గదిలో వంట ఎందుకు బాబూ, నూడుల్సో బ్రెడ్డో పెట్టు, తేలిగ్గా అరుగుతాయి.”

మునిర్కా గురించి తెలిసినవాళ్ళకి ఈ సలహా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. మునిర్కా ఊరి సందుల్లో పైకి పైకి లేపిన ఇళ్ళు, ఒక్కో అంతస్తులో మూడు నాలుగు గదులు, గదికో సింగిల్ బర్నర్ స్టవ్వు. జేఎన్‌యూలో చదివేవాళ్ళు, బేర్ సరాయ్‌లో పోటీ పరీక్షలకి తయారయ్యేవాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు అక్కడ ఉంటారు. నాన్నకో అమ్మకో కిడ్నీ జబ్బు అని తెలియగానే పెద్దాసుపత్రిలో చూపిద్దామని అదే గదికి తీసుకొస్తారు. ఆ పిల్లలకి వంట రాదు. వచ్చినా ఓపీ, ల్యాబు, మందుల షాపు తిరిగేసరికి సాయంత్రమైపోతుంది. కిందికి దిగితే మోమోల బండి, చౌమీన్ బండి, పక్కనే కిరాణా కొట్టు.

రోగికి కావలసినంత ఫాస్ఫేట్ ఆ కొట్లో దొరుకుతుంది. ఎంత ఉందో మటుకు తెలియదు. మన దేశంలో ప్యాకెట్ వెనక పోషకాల పట్టీలో శక్తి, ప్రోటీన్, చక్కెర, కొవ్వు, సోడియం రాస్తారు. ఫాస్ఫరస్ రాయాలన్న నిబంధన లేదు. ఆనవాలు దొరికేది పదార్థాల జాబితాలో మాత్రమే, అదీ అంకెల రూపంలో.

రామా మార్కెట్‌లో ఏ కొట్టు ముందైనా నిలబడి ఒక ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్ తిప్పి చూడండి. మడత దగ్గర, రంగు మీద రంగులో, చీమతలకాయంత అక్షరాలు. కంటికి ఆనవు. ఫోన్ కెమెరా పెట్టి పెద్దది చేసుకోవాలి. గోధుమ పిండి, పామాయిల్, ఉప్పు దాటాక ‘హ్యూమెక్టెంట్’ అనో ‘ఎసిడిటీ రెగ్యులేటర్’ అనో ఉండి, పక్కన బ్రాకెట్లో 451 అని కనిపిస్తే అది ట్రైఫాస్ఫేట్. గుర్తుపెట్టుకోవలసినవి రెండు గుంపులే: 338 నుంచి 343 వరకు, 450 నుంచి 452 వరకు. నల్లటి కూల్‌డ్రింకుల్లో 338, అంటే ఫాస్ఫారిక్ ఆమ్లం. చీజు స్లైసుల్లో 339, 452 లాంటివి. కేకులు, బేకింగ్ పౌడర్‌లో 341, 450. ఫ్రీజర్లోంచి తీసి వేయించుకునే నగ్గెట్లు, సాసేజీల్లో 450, 451. ఈ అంకెల్ని ఒక చీటీ మీద రాసి రోగి ఫోన్ కవరు లోపల పెట్టండి.

చీజు సంగతి విడిగా చెప్పాలి. మెత్తగా కరిగే ప్రాసెస్డ్ చీజు ఒక్క స్లైసులో వంద మిల్లీగ్రాములు దాటి ఫాస్ఫరస్ ఉంటుంది. కలిపిన ఉప్పుల రూపంలో ఉన్న వంతు దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పూట పప్పు మానిపించి ఒక చీజ్ శాండ్‌విచ్ ఇస్తే రక్తానికి చేరే ఫాస్ఫరస్ తగ్గదు, పెరుగుతుంది. సోడియం అదనం.

లేబులు చదవడం నేర్పితే నిజంగా తేడా వస్తుందా అంటే వస్తుంది. 2009లో వెలువడిన, అమెరికాలో ఒహాయో ఈశాన్య ప్రాంతంలో 279 మంది డయాలసిస్ రోగులతో చేసిన అధ్యయనంలో సగం కేంద్రాల వాళ్ళకి మామూలు సలహాతో పాటు ప్యాకెట్ మీద ఫాస్ఫేట్‌ని గుర్తుపట్టడం, అది లేనిది ఎంచుకోవడం నేర్పారు. మూడు నెలల్లో వాళ్ళ ఫాస్ఫరస్ మిగతావాళ్ళ కంటే 0.6 మిల్లీగ్రాములు ఎక్కువగా తగ్గింది. కొత్త మందేమీ ఇవ్వలేదు.

గదిలో ఉండే పిల్లలకి నేను చెప్పేది ఇది. సింగిల్ బర్నర్ మీద ఉప్మా అవుతుంది. వార్చిన అన్నంలోకి సొరకాయ కూరో, బీరకాయ కూరో అవుతుంది. మునిర్కా సంతలో సొరకాయ, ఇక్కడ తురాయి అనే బీరకాయ ఎప్పుడూ దొరికేవే. చికెన్ కావాలంటే ఫ్రీజరు పెట్టె వైపు పోకుండా, కళ్ళముందు కోసిచ్చే కొట్లో తెచ్చుకుని చిన్న మోతాదులో వండుకోండి. మోమోలు, చౌమీన్ బయట తినాల్సి వస్తే మీరు తినండి, నాన్నకి కట్టించుకు రాకండి.

“నీరసంగా ఉన్నారు పిన్నిగారూ, పాలు, పెరుగు బాగా పట్టించండి.”

పెరుగు ముద్ద లేకుండా భోజనం అయిందనిపించదు మనకి. ఆ బాధ నాకు అర్థమవుతుంది. దీనికి తోడు ఢిల్లీ అంటేనే పాలు, లస్సీ, పనీరు. ఆవుపాలు 200 మిల్లీలీటర్లలో 190 మిల్లీగ్రాముల దాకా ఫాస్ఫరస్ ఉంటుంది, అందులో ఫైటేట్ లేదు. పెరుగూ అదే కోవ. పనీరు చిక్కబడిన పాలే కాబట్టి ఇంకా ఎక్కువ. అలాగని పూర్తిగా మానిపించి మనిషిని దిగులు పెట్టనక్కర్లేదు. రోజు మొత్తం మీద ఒక చిన్న కప్పు అని ఒప్పందం చేసుకోండి. దాన్ని పొద్దున టీలో ఖర్చు పెట్టుకుంటారో, రాత్రి చివరి ముద్దలోకి దాచుకుంటారో రోగి ఇష్టానికి వదిలేయండి. మా పెద్దవాళ్ళలో ఎక్కువమంది చివరి ముద్దకే దాచుకుంటారు.

నీరసానికి మందులా పట్టుకొచ్చే మాల్టు పొడుల డబ్బా మాత్రం వద్దు. పాలపొడి, దాని మీద ఖనిజాల పేరుతో కలిపిన ఫాస్ఫేట్ ఉప్పులు, దాన్ని మళ్ళీ పాలలోనే కలపడం. రోగిని చూడటానికి వెళ్తూ డబ్బా కొనే అలవాటు మనవాళ్ళు మానుకోవాలి. రెండు ఆపిల్స్ పట్టుకెళ్ళండి.

“ఫాస్ఫరస్ నార్మల్‌గానే ఉందిగా, ఇప్పుడే ఎందుకీ పథ్యం?”

జబ్బు మొదటి దశల్లో అంకె నార్మల్‌గా ఉండేది కిడ్నీ బాగుండటం వల్ల కాదు. ఎముకల నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను ఎక్కువగా ఊరి, మిగిలిన కొద్ది కిడ్నీ చేత బలవంతంగా ఫాస్ఫేట్‌ని బయటికి నెట్టిస్తుంది. రక్తంలో అంకె పెరిగేసరికి జబ్బు నాలుగో దశకి దగ్గరపడి ఉంటుంది. ఆ హార్మోను అన్నాళ్ళు అంత ఎక్కువగా ఉండటం గుండె కండరానికి మంచిది కాదు. ప్యాకెట్లు మానడానికి రిపోర్టులో ఎర్ర అంకె రావాల్సిన పని లేదు.

“మాత్రలు ఎప్పుడు వేసుకుంటే ఏం, కడుపులోకి పోవడమేగా!”

ఫాస్ఫరస్‌కి ఇచ్చే కాల్షియం అసిటేట్, సెవెలమర్ లాంటి మాత్రలు రక్తంలోకి వెళ్ళి పనిచేసేవి కావు. పేగులో అన్నంతో పాటే ఉండి, తిండిలోని ఫాస్ఫేట్‌ని పట్టుకుని మలంతో బయటికి పంపుతాయి. అన్నంతో కలవకపోతే వాటికి పట్టుకోవడానికేమీ ఉండదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన స్ట్రిప్పు బీరువాలో ఉంటే పని జరగదు, కంచం పక్కన ఉండాలి. మొదటి రెండు ముద్దలు తిన్నాక ఒకటి, మధ్యలో ఇంకొకటి, డాక్టరు రాసినట్టు. ఉదయం కాస్త టీ మాత్రమే తాగి తిండి మానేసిన రోజున ఆ పూట మాత్రతో పని లేదు. ఎక్కువ తిన్న పూట సంగతేమిటో డాక్టరుని ముందే అడిగి ఉంచుకోండి. ఐరన్, థైరాయిడ్ మాత్రలు వీటితో కలిపి వేసుకుంటే అవి ఒంటికి పట్టవు. మధ్యలో గంటల ఎడం ఉండాలి.

కాల్షియం అసిటేట్ మాత్ర ఒకటి పట్టుకునేది సుమారు 30 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. మాత్ర ఉంది కదా అని చీజు తినేవాళ్ళు ఈ అంకె పక్కన పైన రాసిన స్లైసు అంకె పెట్టి చూసుకోవాలి.

“డయాలసిస్ మొదలెట్టారుగా, ఇక ఏదైనా తినొచ్చు.”

నాలుగు గంటల డయాలసిస్ ఒక్కోసారి 600 నుంచి 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తీస్తుంది. వారానికి మూడుసార్లయినా, తిండితో వారమంతా ఒంటికి పట్టేదంతా పోదు. మన దగ్గర డబ్బు వల్లో, దూరం వల్లో, పడక దొరక్కో వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవాళ్ళు ఎందరో. ఎముకల్లో ఉన్నది పోగా మిగిలిన ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం కణాల లోపల దాగి ఉంటుంది. రక్తం శుభ్రపడ్డ కొన్ని గంటలకే లోపలిది మళ్ళీ పైకి వస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు సలహా కూడా డయాలసిస్ వార్డులోనే వినిపిస్తుంది: ప్రోటీన్ ముట్టుకోవద్దని. డయాలసిస్ మొదలుకాక ముందు డాక్టరు తగ్గించమన్న మాట నిజమే కావచ్చు. మొదలయ్యాక లెక్క మారుతుంది. కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఈ మార్పు ఇంటికి ఎవరూ చెప్పరు. కండలు కరిగిపోయి, అల్బుమిన్ పడిపోయి, చివరికి ఫాస్ఫరస్ కూడా తగ్గి రిపోర్టు బాగుందనుకుంటారు. తిండి లేక తగ్గిన ఫాస్ఫరస్ మంచి కబురు కాదు. గుడ్డు తినేవాళ్ళకి ఇక్కడ మంచి దారి ఉంది. గుడ్డులో ఉన్న ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది, తెల్లసొనలో అయిదారు మిల్లీగ్రాములకి మించదు. ప్రోటీన్ మటుకు మూడున్నర గ్రాములుంటుంది. తెల్లసొనతో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరుటు చేయండి. పచ్చసొన ఇంట్లో పిల్లలు తింటారు.

ఇంకొన్ని గబగబా. ఉప్పు తగ్గించమన్నారని ‘లో సోడియం’ ఉప్పు కొనకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, కిడ్నీ రోగి గుండె ఆగిపోవచ్చు. చలికాలం ముందు ఢిల్లీ బండ్ల మీద మసాలా చల్లి అమ్మే కమ్రఖ్, అంటే నక్షత్రాకారంలో ముక్కలయ్యే పుల్లటి పండు, ఒక్కటి కూడా వద్దు. అందులోని కారంబాక్సిన్ కిడ్నీ రోగుల్లో వెక్కిళ్ళతో మొదలై మూర్ఛల దాకా తీసుకెళ్తుంది. శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు నీళ్ళ గురించే ఎక్కువ బెంగపడతాయి, అది సహజమే. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఊళ్ళు పడ్డ బాధ అలాంటిది. అక్కడి కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి నీళ్ళు, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అవి రావలసినవే. కానీ జబ్బు వచ్చేశాక ఎంత శుద్ధి చేసిన నీళ్ళు తాగినా రక్తంలో ఫాస్ఫేట్ తగ్గదు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి నీళ్ళు ఎక్కువ తాగించడం ఊపిరితిత్తులకే ప్రమాదం.

“కడుపు శుభ్రం కావడానికి ఏ మందైనా ఒకటే.”

పెద్దపేగు పరీక్షకి ముందు తాగించే మందుల్లో, మలబద్ధకానికి ఇచ్చే కొన్ని ఎనిమాల్లో సోడియం ఫాస్ఫేట్ గ్రాముల లెక్కన ఉంటుంది. అంటే పథ్యం చేసే మనిషి ఎన్నో రోజులు తినే ఫాస్ఫరస్ ఒక్కపూటలో లోపలికి వెళ్తుంది. తాగే రకం వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలాక 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అలాంటి మాత్రల మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక ముద్రించమంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి పాలీఇథిలీన్ గ్లైకాల్ రకం ఇస్తారు. ఈ పరీక్ష రాసేది కడుపు డాక్టరు, చేయించేది ఇంకో చోట, మందు ఇచ్చేది కౌంటర్లో కుర్రాడు. ముగ్గురిలో ఎవరికీ మీ నాన్న క్రియాటినిన్ తెలియదు. “కిడ్నీ రోగి, ఫాస్ఫేట్ ఉన్న మందు, ఎనిమా ఇవ్వకూడదు” అని హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించి ఫైలుకి మొదటి కాగితంగా కుట్టండి. కౌంటర్లో బాటిల్ చేతికి ఇవ్వగానే దాని మీద పేరు చదివి, అనుమానం వస్తే నెఫ్రాలజీ డాక్టరుకి ఫోన్ చేసేదాకా మూత తీయకండి.